కంటి క్లినిక్‌లో టెక్నీషియన్ ఉద్యోగానికి నా చదువు పనికొస్తుందా?

కాటుకరేఖ
మూడేళ్లుగా ఇంట్లో గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నాను. మొన్ననే హెచ్-4 ఈఏడీ కార్డు (మా ఆయన వీసా మీద వచ్చిన నాకు పనిచేసే అనుమతి) చేతికొచ్చింది. ఇండియాలో నాలుగేళ్లు బీఆప్టమ్ (కంటి పరీక్షల డిగ్రీ) చదివి, రెండేళ్లు కంటాసుపత్రిలో పనిచేశాను. నిన్న అమెరికా ప్రభుత్వ ఉద్యోగాల సైట్‌లో మాజీ సైనికుల ఆసుపత్రికి "హెల్త్ టెక్నీషియన్, ఐ క్లినిక్" అని ప్రకటన కనపడింది. చూపు పరీక్ష, కంటి ఒత్తిడి, విజువల్ ఫీల్డ్ (చుట్టూ ఎంతవరకు కనిపిస్తుందో చూడటం), ఓసీటీ (రెటీనా స్కాన్)... పనులన్నీ నాకు తెలిసినవే. సంబరంగా కిందికి వెళితే అర్హతల దగ్గర బండి ఆగిపోయింది. జీఎస్-5 అనే ప్రభుత్వ జీతం మెట్టు అట, స్పెషలైజ్డ్ ఎక్స్‌పీరియన్స్ అట, సీఓఏ అనే కంటి అసిస్టెంట్ సర్టిఫికెట్ ఉంటే మంచిదట, విదేశీ చదువైతే ఇవాల్యుయేషన్ అట. అంతా చదివాక కూడా నేను పనికొస్తానో రానో మాత్రం అర్థం కాలేదు. మా ఆయన "నువ్వు కంటి డాక్టరువి కదా, టెక్నీషియన్ పనేంటి" అంటారు. నేను డాక్టర్ని కాదని పెళ్లిచూపుల నుంచీ చెబుతూనే ఉన్నాను. ఈ లైనులో ఉన్నవాళ్లు చెప్పండి. నా డిగ్రీ లెక్కలోకి వస్తుందా, మళ్లీ అ ఆల నుంచి మొదలుపెట్టాలా?

గ్రీన్‌కార్డ్_క్యూ
పెళ్లిచూపుల నుంచీ వినిపించుకోలేదంటే మీ ఆయనకు కావలసింది కంటి క్లినిక్ కాదు, చెవి క్లినిక్.

సర్కారీబాబాయ్
జోకులు తర్వాత. అమ్మాయీ, అర్హతల దాకా వెళ్లకముందే పైన ఇంకో లైను ఉంటుంది, చూశావా? ఫెడరల్ ఉద్యోగాలకు దాదాపు అన్నిటికీ అమెరికా పౌరసత్వం ఉండాలి. మాజీ సైనికుల ఆసుపత్రుల్లో ఒక చిన్న వెసులుబాటు ఉంది. తగిన పౌరులు దొరకనప్పుడు మాత్రమే బయటివాళ్లను తీసుకోవచ్చు. టెక్నీషియన్ పోస్టుకు పౌరులు దొరక్కపోవడం అరుదు. ఈఏడీ మీద ఆ తలుపు తట్టడం దండగ.

కాటుకరేఖ
అయ్యో. అది చూడనే లేదు బాబాయ్. నాలుగు పేజీలు చదివి మొదటి పేజీ వదిలేశాను.

పసుపుమూత
నీరసపడకు. ప్రభుత్వ ఆసుపత్రి ఒక్కటే ఆసుపత్రి కాదు. నేను పన్నెండేళ్లుగా ప్రైవేటు క్లినిక్‌లో టెక్నీషియన్‌ని, ఇప్పుడు సీఓటీ, అంటే సీఓఏ కంటే పై మెట్టు. హెచ్-4 ఈఏడీ ఉంటే ప్రైవేటులో ఎక్కడైనా చేయొచ్చు. మా దగ్గరే నీలాంటి వాళ్లు ఇద్దరున్నారు.

ముందు ఒక చిక్కుముడి విప్పుతాను, ఎందుకంటే అందరూ అక్కడే తప్పిపోతారు. ఇక్కడ కంటి లైనులో మూడు "ఓ"లు ఉన్నాయి. ఆప్తాల్మాలజిస్ట్ అంటే మెడిసిన్ చదివి ఆపరేషన్లు చేసే నేత్రవైద్యుడు. ఆప్టోమెట్రిస్ట్ అంటే డిగ్రీ తర్వాత మరో నాలుగేళ్లు ఓడీ అనే కోర్సు చదివి, బోర్డు పరీక్షలు రాసి, రాష్ట్రం దగ్గర లైసెన్స్ తీసుకున్నవాడు. ఆప్టీషియన్ అంటే కళ్లజోడు అమర్చేవాడు. మన బీఆప్టమ్‌తో ఇక్కడ ఆప్టోమెట్రిస్ట్ అయిపోలేం. అలాగని ఆ నాలుగేళ్లు గంగలో కలిసినట్టూ కాదు. టెక్నీషియన్‌కి ఎత్తుకు ఎత్తు బంగారం ఆ చదువు.

స్క్రైబ్‌సుందరి
సీఓఏ లేకుండా ఎవరూ గుమ్మం తొక్కనివ్వరు. అనుభవంతో చెబుతున్నా. ముందు ఆ పరీక్ష పాసవ్వండి, తర్వాత ఉద్యోగం వెతకండి.

చీకటిగది
సుందరి గారితో నేను ఏకీభవించను. నన్ను సీఓఏ లేకుండానే తీసుకున్నారు. అంతకుముందు బట్టల కొట్లో కౌంటర్ దగ్గర ఉండేవాడిని. కంటి క్లినిక్ వాళ్లు అడిగింది ఒక్కటే: ముసలివాళ్లతో ఓపిగ్గా మాట్లాడగలవా? మాట్లాడగలనన్నాను. ఆరు నెలలు పక్కన నిలబెట్టి నేర్పారు.

స్క్రైబ్‌సుందరి
అది మీ అదృష్టం. నాకు నాలుగు చోట్ల "సర్టిఫైడ్ అయ్యాక రండి" అన్నారు.

పసుపుమూత
ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఏ క్లినిక్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇది నర్సు ఉద్యోగం లాంటిది కాదు, టెక్నీషియన్‌గా నిలబడటానికి రాష్ట్రం లైసెన్స్ అడగదు. సర్టిఫికేషన్ స్వచ్ఛందమే. కానీ యజమాని అడిగితే అదే చట్టం.

సుందరీ, "ముందు పాసవ్వు, తర్వాత ఉద్యోగం" అన్నావు చూడు, అక్కడే మెలిక. సీఓఏకి అక్రెడిటేషన్ ఉన్న కోర్సు చదివినవాళ్లకు ఒక దారి. మిగతా అందరికీ హైస్కూల్ పాసై ఉండాలి, ఇంట్లో చదువుకునే కోర్సు ఒకటి పూర్తి చేయాలి, నేత్రవైద్యుడి పర్యవేక్షణలో 1000 గంటలు పనిచేసి ఉండాలి. ఆ మూడూ అయ్యాకే పరీక్ష. ఉద్యోగం లేకుండా గంటలెక్కడివి? పెళ్లి కుదిరితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కుదరదు.

గ్రీన్‌కార్డ్_క్యూ
1000 గంటలంటే ఎంత?

పసుపుమూత
వారానికి నలభై చొప్పున వేసుకో. పాతిక వారాలు. ఆరు నెలలు అనుకో.

ఆరువారాల_బాధితుడు
ఈ సీఓఏ అనేది ఎవరిస్తారో ముందు చెప్పండి, నాలాగా ఎవరూ మునగకూడదు. "ఆరు వారాల్లో సర్టిఫైడ్ ఐ టెక్నీషియన్" అని ఒక ఆన్‌లైన్ సంస్థ వాళ్లకు పన్నెండు వందల డాలర్లు సమర్పించుకున్నాను. రంగుల సర్టిఫికెట్ వచ్చింది, బంగారు సీలుతో. క్లినిక్ మేనేజర్ దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూసి "ఫ్రేమ్ బాగుంది" అంది.

పసుపుమూత
పాపం. గుర్తుపెట్టుకోవలసిన పేరు ఒక్కటే: ఐజేసీఏహెచ్‌పీఓ. 1969లో మొదలైంది, మిన్నెసోటాలో ఉంటుంది. నోరు తిరగకపోతే పాతవాళ్లలాగా "జక్యాపో" అను చాలు. వాళ్ల దగ్గర మూడు మెట్లు: సీఓఏ అంటే అసిస్టెంట్, సీఓటీ అంటే టెక్నీషియన్, సీఓఎంటీ అంటే టెక్నాలజిస్ట్. సీఓఏలో 200 బహుళైచ్ఛిక ప్రశ్నలు, మూడు గంటలు. ఒకసారి పాసైతే అయిపోదు. ప్రతి 36 నెలలకూ రెన్యువల్, దానికి క్లాసులు విని క్రెడిట్లు కూడగట్టాలి.

సీఓటీకి రాత పరీక్షతో పాటు కంప్యూటర్ మీద చేసి చూపించే పరీక్ష ఉంటుంది. లెన్సోమెట్రీ, కెరటోమెట్రీ, రెటినోస్కోపీ, టోనోమెట్రీ, విజువల్ ఫీల్డ్, కళ్ల కదలికలు, రిఫైన్‌మెంట్. బీఆప్టమ్ వాళ్లకు ఇవన్నీ నల్లేరు మీద బండి నడక. నాకు మాత్రం రెటినోస్కోపీ దగ్గర చుక్కలు కనిపించాయి.

లెన్సుమామ
ఇంకో కుటుంబం కూడా ఉంది, దాన్ని మరచిపోకండి. ఆప్టోమెట్రిస్టుల దగ్గర పనిచేసేవాళ్లకు సీపీఓ, సీపీఓఏ, సీపీఓటీ అని వేరే మెట్లు. అవి అమెరికన్ ఆప్టోమెట్రిక్ అసోసియేషన్ వైపువి. అక్షరాలు చూస్తే అన్నీ అన్నదమ్ముల్లా ఉంటాయి, కానీ కాపురాలు వేరు. మా అల్లుడు ఆపరేషన్లు చేసే క్లినిక్‌లో చేరాలని కూర్చుని సీపీఓఏకి చదివాడు. తీరా వాళ్లు అడిగింది సీఓఏ.

గ్రీన్‌కార్డ్_క్యూ
ఈ చర్చలో అక్షరాలు చదివితే నాకు కంటి డాక్టర్ గోడ మీది స్నెల్లెన్ చార్టు చివరి లైను చదువుతున్నట్టుంది.

సర్కారీబాబాయ్
పౌరసత్వం ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి ప్రభుత్వ లెక్క చెప్పేస్తాను. ఈ ఉద్యోగం 0640 సిరీస్, అంటే హెల్త్ టెక్నీషియన్ ఉద్యోగాల వర్గం కిందికి వస్తుంది. జీఎస్-4కి ఆరు నెలల సాధారణ అనుభవం, ఆరు నెలల ప్రత్యేక అనుభవం. లేదా హైస్కూల్ తర్వాత రెండేళ్ల చదువు. జీఎస్-5కి అంతకు కింది మెట్టు స్థాయిలో ఏడాది అనుభవం, లేదా సంబంధిత సబ్జెక్టులతో నాలుగేళ్ల డిగ్రీ. జీఎస్-6 నుంచి పైకి కింది మెట్టు స్థాయిలో ఏడాది ప్రత్యేక అనుభవం ఉండాలి. ఇవి సిరీస్ మొత్తానికి ఉన్న సాధారణ కొలతలు. ప్రకటనలో అదనంగా ఏమైనా అడిగితే దాన్నే పట్టుకోవాలి.

విదేశీ డిగ్రీ చెల్లుతుంది, కానీ ఊరికే జిరాక్స్ పెడితే చెల్లదు. ఇక్కడి చదువుకు ఇది సమానం అని ఇవాల్యుయేషన్ సంస్థ రాసిచ్చిన కాగితం దరఖాస్తుతో పాటే పెట్టాలి. తర్వాత పంపుతానంటే వినరు. ఇక రెజ్యూమె. ప్రైవేటుకు పంపినట్టు ఒక పేజీ కాదు, ఐదారు పేజీలు వివరంగా రాయాలి.

ఫైలుమనిషి
బాబాయ్, ఆ ఐదారు పేజీల ముచ్చట పాతబడింది. 2025 నుంచి రెండు పేజీలే. మూడో పేజీకి వెళ్తే మొదటికే మోసం.

సర్కారీబాబాయ్
అవునా? నేను రిటైరై మూడేళ్లయింది. సరే, రెండు పేజీలే. ఎనిమిది పేజీలు రాసిన నా చేతులు ఇప్పటికీ నొప్పే.

ఫైలుమనిషి
కానీ మీరు చెప్పిన అసలు సంగతి మారలేదు. ప్రతి ఉద్యోగానికీ మొదలుపెట్టిన నెల, ఆపిన నెల, వారానికి ఎన్ని గంటలు అనేది రాయాల్సిందే. గంటలు రాయకపోతే పూర్తి సమయమా సగం సమయమా అని వాళ్లు ఊహించరు. లెక్కలో వేయరంతే. ఇంకోటి, మగపిల్లలకు 18 నుంచి 25 మధ్యలో సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలిచే జాబితా) రిజిస్ట్రేషన్ అయి ఉండాలి. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు కూడా. రేపు పౌరసత్వం వచ్చాక దీని దగ్గర ఇరుక్కున్నవాళ్లను చూశాను.

కాటుకరేఖ
రెజ్యూమె సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాది ఇలా ఉంది: "రోగులకు కంటి పరీక్షల్లో సహాయం చేయుట, పరికరాల నిర్వహణ, బృందంతో సమన్వయం." బాగుందా?

చీకటిగది
ఇది చూస్తే మీరు కంటాసుపత్రిలో చేశారో బస్ డిపోలో చేశారో తెలియడం లేదండీ.

పసుపుమూత
హ హ. కఠినంగా అన్నాడు గానీ పాయింటే. రోజుకు ఎంతమందిని చూసేదానివి? కంటి ప్రెషర్ అప్లనేషన్‌తో (కంటికి తాకించి) చూశావా, గాలి కొట్టే మిషనుతోనా? విజువల్ ఫీల్డ్‌కి ఏ పెరీమీటర్ మిషను? శుక్లం ఆపరేషన్ ముందు బయోమెట్రీ (కంటి కొలతలు) చేశావా? అవి రాయి. "సహాయం" అనే మాట కొట్టిపారెయ్.

కాటుకరేఖ
రోజుకు అరవై మంది దాకా. గోల్డ్‌మన్ అప్లనేషన్ నేనే చేసేదాన్ని. హంఫ్రీ ఫీల్డ్స్, బయోమెట్రీకి ఏ-స్కాన్, తర్వాత ఐఓఎల్ మాస్టర్ మిషను కూడా.

పసుపుమూత
రోజుకు అరవై! ఇక్కడ ఇరవై అయిదు దాటితే బ్రేక్‌రూమ్‌లో ఏడుపులు. అమ్మాయీ, ఈ ముక్క మొదటి పోస్టులోనే చెప్పొద్దూ?

మాజీ_డాక్టర్
ఒక మాట చెబుతాను. నేను అక్కడ ఎమ్మెస్ చేసి తొమ్మిదేళ్లు ఆపరేషన్లు చేశాను. ఇక్కడికొచ్చాక రెండేళ్లు టెక్నీషియన్‌గా పనిచేశాను. మొదటి వారం నా కంటే పదిహేనేళ్లు చిన్న డాక్టర్ "లెన్స్‌లో కొంచెం మబ్బు కనిపిస్తుంది, చూస్తావా, దీన్నే క్యాటరాక్ట్ అంటారు" అని ఎంతో ప్రేమగా చూపించాడు. "అలాగా" అన్నాను.

రెజ్యూమెలో ఎమ్మెస్ రాసినన్నాళ్లూ ఒక్క ఫోనూ రాలేదు. తీసేశాక వారంలో మూడు వచ్చాయి. ఎక్కువ చదివినవాళ్లు నిలబడరని వాళ్ల భయం.

సర్కారీబాబాయ్
డాక్టరమ్మా, ప్రైవేటులో ఏం చేసినా మీ ఇష్టం. ప్రభుత్వ దరఖాస్తులో మాత్రం దాపరికం వద్దు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో బయటపడితే ఉద్యోగం వచ్చాక కూడా పోతుంది.

మాజీ_డాక్టర్
దాచడం వేరు, చెప్పకపోవడం వేరు బాబాయ్ గారూ. అడిగితే చెప్పాను. ఇంటర్వ్యూలో అడిగారు, చెప్పాను, తీసుకున్నారు.

లెన్సుమామ
అయినా డాక్టర్ తప్పు చెప్పి ఉంటే ఏం చేసేవారు?

మాజీ_డాక్టర్
ఒకసారి జరిగింది. రోగి ముందు నోరు మెదపలేదు. బయటికొచ్చాక "ఫీల్డ్ రిపోర్టు ఇంకోసారి చూస్తారా" అన్నాను. చూశాడు. ఆ తర్వాత నాకు క్యాటరాక్ట్ పాఠాలు ఆగిపోయాయి. ఈ ఉద్యోగంలో నాకు కష్టమనిపించింది పని కాదు, కనిపించినదాని పేరు చెప్పకపోవడం. టెక్నీషియన్ కొలుస్తాడు, రాస్తాడు. "మీకు గ్లాకోమా ఉన్నట్టుంది" అని రోగితో అనకూడదు. ఎక్కువ చదువుకుని ఈ పనికి వచ్చేవాళ్లు ముందుగా నేర్చుకోవలసింది అదే.

కాటుకరేఖ
మీరు చెప్పింది గుచ్చుకుంది మేడమ్. మా దగ్గర నేనే రోగికి "షుగర్ వల్ల రెటీనాలో మచ్చలున్నాయి" అని చెప్పేసేదాన్ని.

స్క్రైబ్‌సుందరి
పసుపుమూత గారూ, మీ పేరు ఏంటండీ అలా? ఎప్పటి నుంచో అడగాలని.

పసుపుమూత
కంటి చుక్కల సీసాల మూతలకు రంగులుంటాయి. డైలేషన్ (కనుపాప పెద్దది చేసే) చుక్కలకు ఎరుపు, కంటి ఒత్తిడి మందుల్లో టిమోలాల్ లాంటి బీటా బ్లాకర్లకు పసుపు, ప్రోస్టాగ్లాండిన్లకు నీలి ఆకుపచ్చ, స్టెరాయిడ్లకు గులాబీ. రోగిని "ఏ మందు వాడుతున్నారు" అంటే నూటికి తొంభై మంది "పసుపుమూతది" అంటారు. మొదటి రోజు ఒక పెద్దాయన ఆ మాట అంటే నేను మూత రంగు రాసుకుని డాక్టర్‌కి ఇచ్చాను. ఆవిడ నవ్వి "మంచిది, కానీ ఆయనకు ఆస్తమా ఉందా అని అడిగావా?" అంది. టిమోలాల్ ఆస్తమా వాళ్లకు ప్రమాదం. అడగలేదు. పరుగెత్తుకెళ్లి అడిగాను. ఉంది.

అప్పుడు తెలిసింది, మిషన్లు తిప్పడం కంటే రోగి ఆరోగ్య చరిత్ర అడిగి రాయడమే పెద్ద పని అని. సీఓఏ ప్రశ్నల్లోనూ అది వస్తుంది.

చీకటిగది
నాది ఇంకో మొదటి నెల కథ. పనులకు ఒక వరస ఉంటుంది. ముందు చూపు, తర్వాత కనుపాపలు, కళ్ల కదలికలు, ప్రెషర్, ఆ తర్వాతే చుక్కలు. ఒకరోజు వెయిటింగ్ రూమ్ కిటకిటలాడుతుంటే టెన్షన్‌లో చూపు చూసి నేరుగా డైలేషన్ వేసేశాను. డాక్టర్ లోపలికొచ్చి ఫ్లాష్‌లైట్ ఇటూ అటూ ఊపి చూసింది. రెండు కనుపాపలూ పళ్లెం అంత. కదలిక లేదు. రోగికి ఆప్టిక్ నరం వాపు అనుమానం. రెండు కనుపాపల స్పందనలో తేడా ఉందో లేదో ఆరోజు తెలుసుకునే దారే లేకుండా చేశాను. ఆ మనిషి మళ్లీ మర్నాడు సెలవు పెట్టుకుని రావాల్సి వచ్చింది. ఆవిడ నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

గ్రీన్‌కార్డ్_క్యూ
ఆ పేరు అందుకేనా, చీకటిగది?

చీకటిగది
కాదు, రోజంతా లైట్లు ఆర్పిన గదుల్లో ఉంటాం కదా. ఎండ చూస్తే కళ్లు మూసుకుపోతాయి నాకు.

పందొమ్మిదేళ్లోడు
అన్నలూ అక్కలూ, నాకు డిగ్రీ లేదు. ఇక్కడే హైస్కూల్ అయింది, గ్రీన్‌కార్డు ఉంది. కాలేజీకి డబ్బుల్లేవు. నాలాంటోడు ఈ పనికి పనికొస్తాడా?

చీకటిగది
నీలాంటోడినే నేను తమ్ముడూ. సీఓఏకి డిగ్రీ అక్కర్లేదు, హైస్కూల్ చాలు. చిన్న క్లినిక్‌లకు వెళ్లు. నేర్పించుకునే ఓపిక ఉన్నది వాళ్లకే. పెద్ద ఆసుపత్రులు తయారైన మనిషిని అడుగుతాయి. వెళ్లేముందు సీపీఆర్ కార్డు తీసుకుని ఉంచుకో, కొన్ని చోట్ల అడుగుతారు.

ఫైలుమనిషి
సెలెక్టివ్ సర్వీస్ ముచ్చట పైన రాశాను, నీకే పనికొస్తుంది. ఇవాళే చూసుకో.

లెన్సుమామ
తమ్ముడూ, నేను సరదాగా ఒకటి అడుగుతా, ఇంటర్వ్యూలో వస్తుంది. ఫోన్ మోగింది. అవతల ఒకాయన "రాత్రి నుంచి కంట్లో మెరుపులు, నల్ల చుక్కలు, పక్క నుంచి తెర దించినట్టు ఉంది, నొప్పి మాత్రం లేదు" అంటున్నాడు. డాక్టర్‌కి మూడు వారాల దాకా ఖాళీ లేదు. ఏం చేస్తావు?

పందొమ్మిదేళ్లోడు
నొప్పి లేదంటే... మూడు వారాల తర్వాత ఇస్తా?

లెన్సుమామ
అది రెటీనా ఊడుతున్న లక్షణం. ఆ రోజే చూడాలి. నొప్పి లేకపోవడం చూసే అందరూ మోసపోతారు. ఇంకో ఫోన్: కంట్లో బ్లీచ్ పడింది, ఎంతసేపట్లో రమ్మంటారు అని.

పందొమ్మిదేళ్లోడు
వెంటనే రమ్మంటా!

లెన్సుమామ
సగం మార్కులు. ముందు కుళాయి కింద కన్ను పెట్టి కడుగుతూనే ఉండమనాలి. రావడం ఆ తర్వాత.

కాటుకరేఖ
మామయ్యా, మీ దగ్గర ట్యూషన్ ఉందా? నేనూ చేరతా.

నాకు ఇంకో అనుమానం. ఇక్కడ అంతా 20/20 అంటారు, నాకు 6/6 అలవాటు. లెక్క ఒకటేనని తెలుసు, ఇరవై అడుగులు ఆరు మీటర్లు. కానీ నోటికి రావడం లేదు. 6/12 అనగానే 20/40 అని తట్టాలి కదా?

పసుపుమూత
వారం రోజుల్లో తడుతుంది. 20/40 బాగా గుర్తుపెట్టుకో, ఎక్కువ రాష్ట్రాల్లో డ్రైవింగ్ లైసెన్స్ గీత అదే. రోగులు ఆ గీత దాటడానికి చార్టు బట్టీ పడతారు. రెండో కంటికి లైను మార్చెయ్.

నీకు అసలు దెబ్బ తగిలేది ఇంకోచోట. కళ్లజోడు నంబర్‌లో వంపు సరిచేసే పవర్‌ని (సిలిండర్) రెండు రకాలుగా రాస్తారు, నువ్వు నేర్చుకున్నది మైనస్ సిలిండర్. నేత్రవైద్యుల క్లినిక్‌లలో ప్లస్ సిలిండర్ రాస్తారు.

కాటుకరేఖ
అంటే ప్రతి కళ్లజోడుకీ ట్రాన్స్‌పోజ్ చేయాలా, ఒక పద్ధతి నుంచి ఇంకో పద్ధతికి మార్చాలా?

లెన్సుమామ
లేదు, లెన్సోమీటర్‌లోనే (కళ్లజోడు పవర్ కొలిచే మిషను) ప్లస్‌లో చదవడం అలవాటు చేసుకోవాలి. మొదట్లో మాత్రం మనసులో మార్చుకుంటూ ఉండు. స్ఫియర్, సిలిండర్ కలుపు, సిలిండర్ గుర్తు మార్చు, యాక్సిస్‌కి తొంభై కలుపు లేదా తీసెయ్. రెండు భాషల్లో ఒకే మాట.

ఆరువారాల_బాధితుడు
నా రంగుల సర్టిఫికెట్ కోర్సులో ఈ ముక్క ఒక్కటీ చెప్పలేదు. ఈ చర్చలో ఉచితంగా వస్తోంది. పన్నెండు వందలు మీకు పంపాల్సింది.

గ్రీన్‌కార్డ్_క్యూ
నాకు పంపండి, జోకులు నావే కదా.

కాటుకరేఖ
మూడు నెలలకు మళ్లీ వచ్చాను. అందరికీ బాకీ ఉన్న కబురు చెప్పాలి.

రెజ్యూమెలో "సహాయం" తీసేసి "రోజుకు అరవై మంది, గోల్డ్‌మన్, హంఫ్రీ, బయోమెట్రీ" అని రాశాను. పది క్లినిక్‌లకు పంపితే మూడు పిలిచాయి. మొదటి చోట "అమెరికా అనుభవం లేదు" అన్నారు. రెండో చోట ఇంటర్వ్యూ మధ్యలో హెడ్ టెక్నీషియన్ ఒక కళ్లజోడు ఇచ్చి లెన్సోమీటర్ ముందు కూర్చోబెట్టింది. చేతులు వణికాయి, కానీ డ్రమ్ తిప్పడం మొదలుపెట్టాక వేళ్లు వాటంతట అవే వెళ్లాయి. గీతలు స్పష్టంగా రాగానే అలవాటు కొద్దీ మైనస్ 1, మైనస్ 1, యాక్సిస్ 180 అని రాసేశాను. ఆవిడ కాగితం చూసి పెదవి విరిచింది. ఆవిడ దగ్గర ఉన్నది మైనస్ 2, ప్లస్ 1, యాక్సిస్ 90. అప్పుడు లెన్సుమామ మాట గుర్తొచ్చి, కాగితం వెనక్కి తీసుకుని కింద రెండో లైను రాశాను. ఆవిడ వేలు పెట్టి రెండు లైన్లూ పోల్చుకుంది. "ఎప్పుడు చేరగలవు?" అంది.

కానీ అన్నీ మంచి కబుర్లే కాదు. జీతం నేననుకున్నదానికంటే తక్కువ, సీఓఏ వచ్చాక పెంచుతామన్నారు. మొదటి రెండు వారాలు ప్రెషర్ చూడనివ్వలేదు, చార్టులో టైపు చేయడమే. పోయిన గురువారం ఒక మాజీ డ్రైవర్ "నాకు చూపు పోతుందా అమ్మా" అని అడిగాడు. ఆయన ఫీల్డ్ రిపోర్టు నా చేతిలోనే ఉంది. డాక్టర్ మేడమ్ చెప్పింది గుర్తొచ్చి "డాక్టర్ గారు వచ్చి మాట్లాడతారు, నేను ఇక్కడే ఉంటాను" అన్నాను. ఆ పది నిమిషాలు చాలా పొడవు.

మాజీ_డాక్టర్
"నేను ఇక్కడే ఉంటాను" అన్నది నాకు తట్టలేదు, రెండేళ్లలో ఒక్కసారి కూడా.

సర్కారీబాబాయ్
శభాష్ అమ్మాయీ. రోజూ ఎన్ని గంటలు, ఏం చేశావు అనేది ఒక పుస్తకంలో రాసి పెట్టుకో. పౌరసత్వం వచ్చిననాడు ఆ 0640కి అదే పెట్టుబడి.

కాటుకరేఖ
రాస్తున్నాను బాబాయ్. ఈ శుక్రవారానికి 312 గంటలయ్యాయి. మా ఆయన ఫ్రిజ్ మీద కాగితం అంటించి రోజూ ఎనిమిది ఎనిమిది కలుపుతున్నారు. ఇప్పుడు స్నేహితులతో "మా ఆవిడ కంటి టెక్నీషియన్" అంటున్నారు. చెవి బాగైనట్టుంది.

పందొమ్మిదేళ్లోడు
అక్కా, నాకు సోమవారం ఇంటర్వ్యూ. చిన్న క్లినిక్కే. మెరుపులు, తెర, బ్లీచ్ అన్నీ బట్టీ పట్టా. ఇంకేం అడుగుతారు?

చీకటిగది
ముసలివాళ్లతో ఓపిగ్గా మాట్లాడగలవా అని.

గ్రీన్‌కార్డ్_క్యూ
కాటుకరేఖ గారూ, ఇంకా 688 గంటలే కదా. నా క్యూ కదిలేలోపు మీరు సీఓఎంటీ కూడా అయిపోతారు.